శనివారం రాత్రి ద్రాక్షరసం

పోయిన వారం మనవడికి రెండు రోజులుగా విరేచనం కాలేదని కోడలు నల్ల ఎండుద్రాక్ష నీళ్లలో వేసి స్టవ్ మీద పెట్టింది. నేను ముందుగదిలో కూర్చుని ఉన్నాను. ఆ వాసన వచ్చింది. తియ్యగా, కొంచెం పుల్లగా, అడుగంటబోయే బెల్లం పాకంలా. లేచి వంటింట్లోకి పోయి గిన్నె దగ్గర నిలబడ్డాను. "ఏమత్తమ్మా, ఏమన్నా కావాల్నా?" అని అడిగింది కోడలు. ఏమీ వద్దన్నాను. మా అవ్వ పోయి నలభై ఏళ్లు దాటింది. ఆ గిన్నె ముందు నిలబడితే, కొంగు నడుముకు దోపుకొని ఆమె నా పక్కనే ఉన్నట్టనిపించింది.

మాది జమ్మలమడుగు పక్కన ఒక నల్లరేగడి పల్లె. అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. మిషన్ తరఫున ఇళ్లకు పోయే బైబిలు స్త్రీ కాబట్టి ఊరందరికీ బైబులమ్మ. సంస్కారపు ఆదివారం, అంటే చర్చిలో అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం వస్తుందంటే, ముందురోజు మధ్యాహ్నమే పావుకిలో ఎండుద్రాక్ష చాటలో పోసి మమ్మల్ని కూర్చోబెట్టేది. తొడిమలు తీయడం పిల్లల పని. తీసినవి కడిగి సాయంత్రం దాకా నానబెట్టేది. దానికి విడిగా ఒక సత్తుగిన్నె ఉండేది. అందులో ఇంకేదీ వండనిచ్చేది కాదు. చింతపండు వాసన తగిలితే రసం చెడుతుందని ఆమె భయం.

చీకటి పడినాక కందికట్టెతో సన్నమంట పెట్టేది. పండ్లు ఉబ్బి, పగిలి, నీళ్లు నల్లగా మారేదాకా పొయ్యి దగ్గర నుంచి కదిలేది కాదు. పప్పుగుత్తితో మెదిపి, చల్లారినాక పాత పంచెగుడ్డలో పోసి పిండేది. ఒకసారి పిండి గిన్నె పక్కన పెట్టి, గుడ్డను మళ్లీ మెలిపెట్టి రెండోసారి పిండేది. ఆ రెండోసారి చూడాలి. ముంజేతుల మీద నరాలు లేచి, దవడ బిగుసుకుపోయేది. "మొదటి పిండుడుకు వచ్చేది రసం, రెండో పిండుడుకు వచ్చేది రంగు" అనేది.

"అవ్వా, ఒక్క గుక్క ఇయ్యవా" అని అడిగేదాన్ని.

"ఇప్పుడిది ఉత్త ద్రాక్షనీళ్లే పాపా. రేపు అయ్యగారు బల్ల దగ్గర పట్టుకున్నాకనే అది వేరే. అయినా ఇప్పుడు నువ్వు తాగితే రేపు ఎవరికో ఒకరికి తక్కువైతాది."

రసం ఇచ్చేది కాదు కానీ, గుడ్డలో మిగిలిన పిప్పి మా అరచేతుల్లో పెట్టేది. గింజలు ఉమ్ముకుంటూ చప్పరించేవాళ్లం.

* * *

అయ్యగారు అంటే మాకు పాస్టరుగారు. అయ్యవారు అంటే బడిపంతులు. మా సీమలో ఈ రెండు మాటలకూ ఒక్క అక్షరమే తేడా. పట్నంలో పెరిగిన నా పిల్లలు ఇప్పటికీ రెంటినీ కలిపేస్తారు. మా పల్లెలో మిషన్ బడి అయ్యవారే ఉపదేశి కూడా, అంటే అయ్యగారు లేనప్పుడు సంఘాన్ని చూసుకునే మనిషి. ఆయన్ని మేము ఉపదేశి తాత అనేవాళ్లం. మావాళ్లను ఊరిబడిలో గడప బయట కూర్చోబెట్టిన కాలంలో మా జేజినాయన అక్షరాలు దిద్దింది ఆ మిషన్ బడి ఇసుకలోనే.

మా పాస్టరేటు కింద పద్నాలుగు పల్లెలు. అయ్యగారు ఒక్కరే. ఆయన మా పల్లెకు వచ్చేది ఏడాదిలో ఆరేడు ఆదివారాలు. మిగతా ఆదివారాలన్నీ ఉపదేశి తాతవే. చర్చి ముందు వేపచెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడదీసి ఉండేది. తాత ఇనుపకడ్డీతో దాన్ని మూడుసార్లు మోగించేవాడు. మొదటి గంటకు స్నానాలు, రెండో గంటకు ఇల్లు కదలడం, మూడో గంటకు లోపల చాపల మీద ఉండాలి. ఎవరైనా పోతే ఒక్కో దెబ్బ కొట్టి, దాని మోత పూర్తిగా ఆగినాక ఇంకో దెబ్బ కొట్టేవాడు. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు అది విని అక్కడే తలమీద కొంగు వేసుకునేవాళ్లు.

ప్రార్థన నడపడం, వాక్యం చెప్పడం, పిల్లలకు ప్రశ్నోత్తరాలు నేర్పడం, చచ్చినవాళ్లను పూడ్చిపెట్టడం తాత చేసేవాడు. సంస్కారం ఇచ్చేది, పెళ్లి చేసేది అయ్యగారే. అభిషేకం, అంటే పాస్టరుగా నియమం, పొందిన చెయ్యి, పొందని చెయ్యి అనే గీత మా ఊళ్లో అందరికీ తెలుసు. దాని గురించి ఎవరూ చిన్నబుచ్చుకోగా నేను చూడలేదు.

లండన్ మిషన్ వాళ్లు కడపకు వచ్చింది 1822లో. దొరలు ఎప్పుడూ కొద్దిమందే. ఆ ఎండల్లో పల్లె నుంచి పల్లెకు నడిచింది తెలుగు ఉపదేశులు, బైబిలు స్త్రీలు. మా చర్చి గోడకు ఒక నల్లరాయి పలక ఉంది, దాని మీద దొర పేరుంది. ఉపదేశి తాత పేరు ఎక్కడా లేదు. నాకు చిన్నప్పుడు అది తట్టలేదు. ఇప్పుడు ఊరికి పోయినప్పుడల్లా ఆ పలక కింద కొంచెంసేపు నిలబడతాను.

తాతకు వచ్చే జీతం చాలా తక్కువ. ఇంటింటా ఒక ముంత ఉండేది. ఎసట్లో పోసే ముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేసేవాళ్లు. పిడికెడు బియ్యం అనే అనేవాళ్లం కానీ ముంతలో ఉండేది జొన్నలు, కొర్రలు. వరి అన్నం మాకు పండగపూట మాటే. ఆదివారం ముంతలన్నీ చర్చిలో గంపలో పోస్తే జొన్నలూ కొర్రలూ కలిసిపోయేవి. తాత భార్య ఆ సాయంత్రం చాట ముందు పెట్టుకొని వేరుచేసుకుంటూ ఉండేది. మా అమ్మ పోయి సాయం కూర్చునేది.

* * *

తాత దగ్గర పొడుగాటి బైండు నోటుపుస్తకం ఉండేది. గుడ్డసంచిలో పెట్టుకుని తిరిగేవాడు. అందులో ఆయన రాసుకునేది ప్రసంగాలు కాదు. ఎవరింట్లో జ్వరం, ఎవరు నెలలు నిండిన మనిషి, ఎవరు కూలికి బెంగుళూరు పోయి జాబు రాయలేదు, ఏ అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదు, ఇవి. అయ్యగారు సైకిలు దిగీదిగగానే ఇద్దరూ వేపచెట్టు కింద రాతి మీద కూర్చునేవాళ్లు. తాత చదివేవాడు, అయ్యగారు వినేవారు. నీళ్లచెంబు పట్టుకొని పక్కన నిలబడడం నా పని కాబట్టి ఆ మాటలు నా చెవిన పడేవి.

"పడమటింటి ముసలామెకు చూపు తగ్గిందయ్యగారూ. చీకటైతే మనిషిని పోల్చుకోలేదు. వెలుతురుండగానే పోదాం."

ఇంకొకటి నేను మరిచిపోలేదు. ఒక ఇంట్లో మొగుడు తాగొచ్చి పెళ్లాన్ని కొడుతున్నాడు. పిలిచి గట్టిగా మందలిద్దామని అయ్యగారు లేవబోయారు. తాత ఆయన మోకాలి మీద చెయ్యేసి ఆపాడు.

"ఇప్పుడు మీరు అడగొద్దు సామీ. మీరు అడిగి పోతారు. రాత్రికి ఆ పిల్లకు ఇంకో నాలుగు పడతాయి. ఊరికే పోయి కూర్చోండి, మంచినీళ్లడిగి తాగండి. ఈ ఇంటికి అయ్యగారు వచ్చి పోతాండారని వానికి తెలిస్తే చాలు. మిగతాది నేనూ బైబులమ్మా చూసుకుంటాం."

అయ్యగారు ఆయన మాట విన్నారు. బి.డి. అనే దైవశాస్త్రపు డిగ్రీ చదివిన మనిషి, అభిషేకం పొందిన మనిషి, ఎనిమిదో తరగతి చదివిన ఉపదేశి చెప్పినట్టు ఆ ఇంటికి పోయి అరగంట కూర్చుని రెండు చెంబుల నీళ్లు తాగి వచ్చారు. తర్వాత ఎప్పుడు వచ్చినా ఆ ఇంటి గడప తొక్కేవారు. ఆ కుటుంబం ఒక్కరోజులో బాగుపడలేదు. ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో ఆ గడప తొక్కినవాళ్లు ముగ్గురు. అయ్యగారు రెండు నెలలకొకసారి, తాత వారానికొకసారి, మా అవ్వ ఇంచుమించు ప్రతి సాయంత్రం.

తాత తరచుగా బైబిల్లోని మోషే మామ యిత్రో సంగతి చెప్పేవాడు. జనం తగాదాలన్నీ మోషే ఒక్కడే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తీరుస్తుంటే, యిత్రో చూసి, ఇట్లయితే నువ్వూ నలుగుతావు, జనమూ నలుగుతారు, వెయ్యిమందికీ నూరుమందికీ యాభైమందికీ పదిమందికీ పెద్దల్ని పెట్టుకో అని చెప్పిన సంగతి. "అంత మోషేకే మామ చెప్పాల్సి వచ్చింది. మన అయ్యగారికి మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు?" అని నవ్వేవాడు.

* * *

అవ్వ పని ఇంకోరకం. మగవాళ్లు అడుగుపెట్టలేని చోట బైబిలు స్త్రీ అడుగుపెట్టేది. ఘోషా ఇళ్లలోకి, పురిటి గదుల్లోకి, మొగుడు చచ్చి మూలన కూర్చున్న ఆడమనిషి దగ్గరికి. ఆమె పెద్దగా బోధలేమీ చేసేది కాదు. పోతే ముందు తల దువ్వేది. దుఃఖంలో ఉన్న మనిషి తల దువ్వుకోదు, అందుకని. చిక్కు తీసుకుంటూ కూర్చుంటే, సగం తల అయ్యేసరికి ఆ మనిషే మాట్లాడడం మొదలుపెడుతుందని చెప్పేది.

ఒక చలికాలం రాత్రి, మా చిన్నమ్మకు నెలలు నిండకుండా కాన్పు అయింది. బిడ్డ పిడికిలంత ఉంది. ఏడవలేదు, సన్నగా మూలిగింది. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రికి తీసుకుపోవడానికి బండి కడుతున్నారు. దారిలో ఉంటుందో పోతుందో అని మంత్రసాని తల అడ్డంగా ఊపింది. ఉపదేశి తాత పక్క ఊళ్లో ఉన్నాడు. అవ్వ గ్లాసులో నీళ్లు తెమ్మంది. నేనే తెచ్చిచ్చాను. నీళ్లు చల్లగా ఉన్నాయని తన అరచేతిలో పోసుకొని కొంచెంసేపు పట్టుకుంది. ఆ వెచ్చబడిన నీళ్లు బిడ్డ నుదుటి మీద మూడుసార్లు వేసి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం ఇచ్చి పేరు పెట్టింది. ఆ మాటలు ఆమె నోట అంతకుముందు ఎప్పుడూ నేను వినలేదు.

బిడ్డ బతికింది. అయ్యగారు వచ్చినప్పుడు అవ్వ తప్పుచేసిన మనిషిలా దూరంగా నిలబడి, "నేను ఇచ్చేసినానయ్యగారూ, అది చెల్లుతాదా?" అని అడిగింది. "చెల్లుతుందమ్మా. ప్రాణం మీదికి వచ్చినప్పుడు విశ్వాసి ఎవరైనా ఇవ్వొచ్చు. మళ్లీ ఇవ్వాల్సిన పని లేదు" అన్నారు. ఆదివారం బిడ్డను సంఘం ముందుకు తీసుకొచ్చి ప్రార్థన చేసి రిజిస్టరులో రాశారు. బాప్తిస్మం ఇచ్చినవారు అనే గడిలో మా అవ్వ పేరు రాసి ఆమెకు చూపించారు. అవ్వ తన పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది.

* * *

రేగడి దారిలో వాన పడితే సైకిలు కదలదు. మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం బిగుసుకుపోతుంది. పుల్లతో గీకి నాలుగడుగులు వేస్తే మళ్లీ అంతే. ఆఖరికి సైకిలే మనిషి మీదెక్కుతుంది. అలాంటి వానల్లో మా వీధి చివరి పెద్దాయన చావుబతుకుల్లో ఉన్నాడు. ఆయనకు ఒక్కటే కోరిక, సంస్కారం తీసుకొని పోవాలని. ఊరి పక్క వంక పారుతోంది.

ఆయన కొడుకు ఉపదేశి తాత కాళ్లు పట్టుకున్నాడు. "నువ్వే ఇయ్యి తాతా, దేవుడు ఒప్పుకోడా?" అన్నాడు. తాత చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ఇచ్చి ఉంటే ఊళ్లో ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. కానీ ఇవ్వలేదు. "నాది కాని పని నేను చేయను అబ్బయ్యా. నాదైన పని చేస్తా" అని మా నాయనను అయ్యగారి కోసం పంపి, తాను ఆ మంచం పక్కన కూర్చున్నాడు. రెండు రాత్రులు కూర్చున్నాడు. కీర్తనలు సన్నగా పాడుతూ, పెదవులు తడుపుతూ, మలమూత్రాలు తీస్తూ. అవ్వ ఇక్కడ ద్రాక్ష ఉడకబెట్టింది. అది శనివారం కాదు. పొయ్యిలో కట్టెలు తడిసి పొగ మాత్రమే వచ్చేది.

మూడోరోజు తెల్లవారకముందే వంక కొంచెం తగ్గింది. అయ్యగారు సంస్కారపు పెట్టె నెత్తిన పెట్టుకొని, రొమ్ము లోతు నీళ్లలో మా నాయన చెయ్యి పట్టుకొని దాటి వచ్చారు. పంచె నిండా బురద. మారుబట్ట మా నాయన పంచెనే కట్టుకున్నారు. పెద్దాయన రొట్టె మింగలేకపోతే, అయ్యగారు చిన్న తునక రసంలో ముంచి నాలుక మీద పెట్టారు. మేమంతా గుమ్మం బయట నిలబడి ఉన్నాం. ఉపదేశి తాత మంచం కాళ్ల దగ్గర నేలమీద కూర్చుని, గోడకు తల ఆనించి అప్పటికే నిద్రపోయాడు.

* * *

నన్ను నంద్యాల పక్కకు ఇచ్చారు. అక్కడి చర్చిలో మొదటిసారి సంస్కారానికి పోయి తికమకపడ్డాను. మా ఊళ్లో అయితే బల్ల దగ్గర చిన్న గ్లాసులు, అవ్వ కడిగి ఆరబెట్టినవి. ఇక్కడ మోకాళ్లూనితే అందరికీ ఒకే పాత్ర. మావి లండన్ మిషన్ అలవాట్లు. మా పాతవాళ్లు 1908లో ఏర్పడిన సౌత్ ఇండియా యునైటెడ్ చర్చికి చెందినవాళ్లు. ఆ కాలంలో వాళ్లకు బిషప్పులు లేరు, సంఘ పెద్దల మాటకే బరువెక్కువ. మా అత్తగారివాళ్లు ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండు చర్చి పద్ధతివాళ్లు, వాళ్లకు బిషప్పుగారే అన్నీ. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఇలాంటి సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు మా పక్కవాళ్లు కలిశారు. నంద్యాల పక్కవాళ్లు అప్పుడు కలవక, చాలా ఏళ్ల తర్వాత కలిశారు. మా మామగారు ఆ సంగతులన్నీ నిన్న జరిగినట్టు చెప్పేవారు. ఆ ఇంట్లో కోడలిగా నాకు వచ్చిన మొదటి టెన్షన్ వంట గురించి కాదు. ఆ పాత్రను రెండు చేతులతో పట్టుకోవాలా, ఒక చేత్తోనా అని.

మంచి శుక్రవారం మాత్రం రెండు చోట్లా ఒకటే. సిలువ మీద పలికిన ఏడు మాటలూ ఏడుగురికి పంచేవాళ్లు. టీచరు ఒకటి, కండక్టరు ఒకటి, కాలేజీ పిల్ల ఒకటి. మా ఊళ్లో "దప్పిగొనుచున్నాను" అనే మాట ప్రతి ఏడూ అవ్వదే. ఆ మండుటెండలో, బావులు ఎండిపోయిన ఊళ్లో, దప్పిక గురించి ఆమె చెప్తుంటే పిల్లలం కూడా కదలకుండా వినేవాళ్లం.

2013లో నంద్యాలలో ఇ. పుష్పలలితగారు బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ.లో మొట్టమొదటి మహిళా బిషప్. ఆ జనంలో నేనూ ఒక మూల నిలబడ్డాను. బిషప్పులు పట్టుకునే చేతికర్రతో ఆమె నడిచి వస్తుంటే నా పక్కనున్న ఆడవాళ్లు ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. సత్తుగిన్నె గుర్తొచ్చింది. బతుకంతా బల్ల మీదికి రసం తయారుచేసి, బల్ల వెనక ఒక్కసారీ నిలబడని మా అవ్వ గుర్తొచ్చింది. చాలా సంతోషపడి ఉండేది.

* * *

మేం కర్నూలుకు వచ్చి స్థిరపడి చాలా కాలమైంది. మా ఆయనకు పక్షవాతం వచ్చి మూడు నెలలు మంచాన ఉన్నారు. అప్పుడు మేం పోతున్న చర్చి నుంచి ఫోనులో ప్రార్థన మెసేజ్‌లు వచ్చాయి. మనిషి రాలేదు. బాధపడ్డాను, ఇప్పుడూ ఆ బాధ ఉంది. కానీ ఆ పాస్టరుగారిని ఒక్కరినే అనలేను. వందల కుటుంబాలకు ఆయన ఒక్కరు. ఉపదేశి లేడు, బైబిలు స్త్రీ లేదు, నోటుపుస్తకం లేదు. కమిటీ ఉంది, దానికి ఎన్నికలు ఉన్నాయి, ఆ ఎన్నికల్లో పంతాలు ఉన్నాయి. జబ్బుమనిషిని చూడడం జీతం తీసుకునేవాళ్ల పని అని మనమే తేల్చేసి, మన పిడికెడు మనం ముంతలో వేయడం మానేశాం. ఇందులో నేనూ ఉన్నాను. అంతకుముందు పదేళ్లలో నేను ఎన్ని గడపలు తొక్కానని లెక్కవేసుకుంటే రెండు చేతుల వేళ్లు నిండలేదు.

ఆ మూడు నెలల్లో ఒకామె వచ్చేది. స్త్రీల సమాజంలో వెనక వరుసలో కూర్చునే టైలరు. ప్రతి గురువారం కుట్టుమిషన్ ఆపి, బస్సెక్కి వచ్చేది. నాతో ఎక్కువ మాట్లాడేది కాదు. మా ఆయన పక్కన స్టూలు వేసుకొని, చచ్చుబడిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని, చిన్న కత్తెరతో గోళ్లు తీసేది. ఆ చేతివేళ్లు ముడుచుకుపోయి ఉండేవి. ఒక్కోవేలు నొప్పి పుట్టకుండా విప్పి, గోరు తీసి, మళ్లీ మెల్లగా ముడిచేది. ఐదు వేళ్లకు అరగంట. తర్వాత చిన్న ప్రార్థన చేసి వెళ్లిపోయేది. ఆమెను చూస్తే ఉపదేశి తాతను చూసినట్టే ఉండేది నాకు.

ఆయన పోయినాక ఏడాది తిరక్కముందే నేను ఆమెతో కలిసి పోవడం మొదలుపెట్టాను. గురువారాలు పెద్దాసుపత్రి వార్డులకు. నా సంచిలో దువ్వెన ఉంటుంది.

* * *

స్టవ్ మీద ద్రాక్ష పగిలి నీళ్లు నల్లబడ్డాయి. కోడలు గిన్నె దించి టీ జల్లెడ తీసుకుంది. "ఆగమ్మా" అని లోపలికి పోయి, బీరువా అడుగున ఉన్న మా ఆయన పాత పంచె అంచు చింపి, కడిగి తెచ్చాను. మెదిపి, గుడ్డలో పోసి పిండాను. "చాల్లే అత్తమ్మా, వాడికి ఎక్కువ అక్కర్లేదు" అంది కోడలు. గుడ్డను మళ్లీ మెలిపెట్టి ఇంకోసారి పిండాను. గ్లాసులోకి రంగు దిగింది.

మనవడు వచ్చి నా చీర పట్టుకొని చెయ్యి చాపాడు. గుడ్డ విప్పి, గింజలు ఏరి, పిప్పి వాడి అరచేతిలో పెట్టాను.